మొండయ్య గొంతు

పోయిన వారం నవీద్‌ను మానుకోట చౌరస్తాలో, దీక్ష టెంటు ముందర, వట్టి చేతులతో నిలబడ్డ చోట వదిలిపెట్టాము. ఆ చేతుల్లోని మైకును భూపాలపల్లి ప్రకాశ్ గుంజుకున్నాడు. "ఈ మనిషి ఎవలో మీకు ఎరుకేనా?" అని టెంటు కింద కూర్చున్న వాళ్లను అడిగాడు.

ఎరుక లేకేం. మైకు సెట్టు నవీద్. పెండ్లయినా, దర్గా ఉర్సయినా, మీటింగయినా హార్నులు కట్టేది అతనే. సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచి కిరాయి అడగకుండా కట్టాడు. ఒకనాడు మాట్లాడేవాళ్లు ఎవరూ రాకపోతే తనే మైకు పట్టి మాట్లాడాడు. కూరగాయలమ్మే ఆడవాళ్లు తక్కెడ ఆపి విన్నారు. ఆ నాటి నుంచి జనగామ, మానుకోట, భూపాలపల్లి మూడూళ్ల కమిటీలో నవీద్ పేరు చేరింది. రేపు జనగామ సభలో మూడూళ్ల తరఫున మాట్లాడాల్సింది అతనే.

కమిటీలో అన్ని పనులవాళ్లూ ఉన్నారు. అధ్యక్షుడు జగపతి జనగామలో వకీలు. ప్రకాశ్ బొగ్గుబాయి కార్మికుడు, కాటారం అవతలి తాండాలో పుట్టినవాడు. పంతుళ్లు, దవాఖాన నర్సులు, ఆటోలు నడిపేవాళ్లు ఉన్నారు. మొదటి మీటింగులోనే జగపతి ఒక పద్ధతి పెట్టాడు. ఎంత పెద్దమనిషైనా మైకు పట్టగానే ముందు పేరు చెప్పాలి. ఊరు చెప్పాలి. ఏ పని చేసి బతికాడో చెప్పాలి. ఆ తర్వాతే తెలంగాణ మాట. చేసిన పని దాచుకునేవాడి మాటను జనం ఎందుకు నమ్మాలని ఆయన వాదం. వకీలు వాదం కదా, అందరూ ఒప్పుకున్నారు.

టెంటు కింద కూడా అదే పద్ధతి నడిచింది. రోజుకొక పనివాళ్ల దీక్ష. కుమ్మరివాళ్ల దినం నాడు చౌరస్తాలోనే సారె తిరిగింది. డాక్టర్ల దినం నాడు జనం టెంటు ముందు లైను కట్టి నాడి చూపించుకున్నారు. వకీళ్లు నల్లకోట్లేసుకొని చెమటలు కక్కుతూ ఢిల్లీ మీద కేసు నడిపారు.

ఈ రోజు టాకీసు వాళ్ల దినం. మెడలో బంతిపూల దండతో నడిమధ్యన కూర్చున్నవాడు బాబామియా, నవీద్ తండ్రి. మానుకోట టాకీసులో ఆపరేటరుగా పనిచేసి ముసలివాడైనాడు. పాత రీలొకటి తెచ్చుకొని, చుట్టే యంత్రానికి తగిలించి, పిడి తిప్పుతూ కూర్చున్నాడు. అతని పక్కన గేటు దగ్గర టికెట్లు చింపే లింగ్యా. రంగు కాగితాలు ముక్కలు చేసి, వచ్చినవాళ్లకు "బాల్కనీనా, నేలనా?" అని అడిగి చేతిలో పెడుతున్నాడు. పొద్దుటి నుంచి పోరగాళ్లకు అదొక తమాషా.

ఆ తమాషా మధ్యలో ప్రకాశ్ మోటరుసైకిలు దిగాడు. మైకు గుంజుకున్నాడు.

"నవీదన్నా, పద్ధతి ప్రకారం చెప్పు. ఏం పని జేసి బతికినవు?"

"మైకు సెట్టు," అన్నాడు నవీద్.

"గంతకు ముందు?"

"హైదరాబాద్‌ల ఉన్న."

"హైదరాబాద్‌ల ఉంటే కడుపు నిండుతదా? ఏం పని జేసినవ్?"

"సౌండు పని."

నవీద్ ఈ మాట ఇంతకు ముందు చాలామందికి చెప్పాడు. మొదట చెప్పింది తండ్రికి. రికార్డింగు థియేటరులో సౌండు పని అబ్బా, మిషిన్ల దగ్గర ఉంటాను, అని. బాబామియా సరేనన్నాడు. మళ్లీ అడగలేదు.

"అవు, సౌండు పనే," అన్నాడు ప్రకాశ్. "ఎసొంటి సౌండో అందరు ఇనుర్రి."

జేబులోని ఫోను తీసి మైకుకు ఆనించాడు. కరెంటు లేదు. చెల్పూర్ కరెంటు ప్లాంటుకు బొగ్గు పోక అక్కడి పొగ సన్నబడ్డది, ఊళ్లలో కోతలు పెరిగినయి. హార్నులు బ్యాటరీ మీద నడుస్తున్నాయి. ముందు బరబరమని చప్పుడొచ్చింది. తర్వాత ఒక దొర గొంతు గద్దించింది.

"ఏరా మొండయ్యా, బర్రెను తోలుకెళ్లమంటే పొద్దుగూకేదాకా ఎక్కడ చచ్చావు?"

ఆ వెనుకే తాగిన జీతగాడి గొంతు. "అయ్యా, దండమయ్యా! నేను బర్రెను తోలుకపోలేదయ్యా. బర్రెనే నన్ను తోలుకపోయింది!"

చెంపదెబ్బ చప్పుడు. "అయ్యో నా బర్రో!" అని జీతగాడి ఏడుపు.

టెంటు వెనుక వరుసలో ఎవరో ఫక్కున నవ్వారు. నవ్వినవాడే నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. ఆ సినిమా మానుకోటలో చూడనివాళ్లు తక్కువ. ఆ గొంతు మొండయ్యదని అందరికీ తెలుసు. ఇన్నేండ్ల తర్వాత అది ఇంకెవరిదో కూడా అర్థమైంది. రోజూ పొద్దున "అన్నలారా, అక్కలారా" అని పిలుస్తున్నది ఆ గొంతే.

ప్రకాశ్ ఫోను ఆపాడు.

"గా సినిమా ఆడిన ఏడు నేను కోస్తల డిప్లొమా సదువుతున్న. మా తాండల మాట వేరు. ఈ తెలుగు మేము అంగట్ల నేర్చుకున్నం, బస్సుల నేర్చుకున్నం. మంచిగ వచ్చిందనుకున్న. హాస్టల్ల నోరు తెరిస్తే మొండయ్యా అన్నరు. అన్నం కాడ మొండయ్యా. ఆటల మొండయ్యా. ఆఖరికి సారు గూడ హాజరు పిలుసుకుంట మొండయ్యా అన్నడు. అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. నవ్వక ఏం జేస్త?" అతను మైకును చేయి మార్చుకున్నాడు. "కొన్నొద్దులు నోరు మూసుకున్న. మూసుకొని ఎన్నొద్దులుంటం? సంచి సదురుకొని ఇంటికొచ్చిన. బాయిల దిగిన. నవీదన్నా, నన్ను బొగ్గుబాయిల దింపింది ఎవలో కాదు. నీ గొంతు."

నవీద్‌కు చాలా చెప్పాలనిపించింది. ఆ చీకటి డబ్బింగు గదిలో, అద్దం అవతల కూర్చున్న మనిషి "ఇంకా సాగదియ్యవయ్యా, ఇంకా తాగినట్టు, ఇంకా మొద్దుగా" అని అన్నం వేళ దాకా చెప్పించాడు. చెప్పి బయటికొస్తే నోరు కడుక్కోవాలనిపించింది. అయినా మర్నాడు మళ్లీ పోయాడు. చెప్పాలనుకున్న మాటలన్నీ ప్రకాశ్ మొహం చూస్తే చిన్నవై పోయాయి. అతను తండ్రి వైపు చూశాడు. భయమంతా అక్కడే ఉంది. జనం మైకు గుంజుకుంటే గుంజుకున్నారు. అబ్బా ఏమనుకుంటాడు?

బాబామియా రీలు చుట్టుతూనే ఉన్నాడు. చేయి ఆగలేదు.

"వకీల్ సాబ్, మీరు చెప్పుండ్రి," అన్నారెవరో. "పద్ధతి వెట్టింది మీరే."

జగపతి కండ్లద్దాలు తీసి కండువాతో తుడిచాడు. పెట్టుకున్నాడు. మళ్లీ తీసి తుడిచాడు. "సాయంత్రం చూద్దాం," అన్నాడు. నవీద్ వైపు చూసి అనలేదు. ప్రకాశ్ వైపు చూసి కూడా అనలేదు. కింద పరిచిన చాపతో అన్నట్టు అన్నాడు.

"సాయంత్రం దాక ఎందుకు?" అన్నాడు ప్రకాశ్. "రేపు జనగామల ఈ గొంతు లేస్తది, ఎవడో గుర్తువడతడు. మన మాటను ఎక్కిరించినోన్నే మన తరఫున నిలవెట్టినమని నవ్వరా?"

లింగ్యా టికెట్లు పక్కన పెట్టాడు. "ఓ తమ్మీ, గా ఫోను మల్లొక్కసారి వెట్టు."

"ఎందుకు తాతా?"

"నా గొంతు ఇంటా."

"నీ గొంతేంది?"

"గది నాదే! ఈ నవీదు గీంత పోరడున్నప్పుడు మిషిను రూములకెళ్లి దిగొచ్చి గేటు కాడ నా పక్కపొంటి కూసునేటోడు. ఇంట్ల ఉర్దూ, బయట నేను. గట్ల నేర్సిండు. బర్రె నన్ను తోలుకపోయిందన్నది ఎవలనుకున్నవ్? నేనే. డ్యూటీకి ఆలస్యమైతే ఓనరుకు చెప్పిన. గదే మాట వీడు జెప్తే బొమ్మల వడ్డది. తాండల జెప్తే ఒక్కడు నమ్మలే. లింగ్యాకు కల్లు ఎక్కువైందన్నరు!"

టెంటు ఘొల్లుమంది. లింగ్యా కూడా నవ్వాడు. ప్రకాశ్ నవ్వలేదు.

"నీకు సంబురమైంది తాతా. నాకు సిగ్గయింది."

లింగ్యా చేతిలోని రంగు కాగితాన్ని మడతపెట్టాడు. "అవు బిడ్డా," అన్నాడు మెల్లగా. "నీదీ నిజమే."

అప్పుడు రీలు పిడి ఆగింది.

బాబామియా మాట్లాడే మనిషి కాదు. మిషిను చప్పుడులో బతికినవాడు, గట్టిగా అంటే తప్ప వినపడదని అసలు అనడమే మానేశాడని ఇంట్లో నవ్వుకునేవాళ్లు. అతను తలెత్తాడు.

"ప్రకాశ్ బేటా. బొమ్మ మధ్యల ఆపిండ్రు మీరు. సీను అయిపోలే."

"అయిపోయింది గద చాచా. చెంపదెబ్బ కాడ అందరు నవ్వుడే."

"అయిపోలే. జర పూర్తిగ నడిపియ్యి."

పెద్దమనిషి అడిగాడు, పైగా పొద్దుటి నుంచి వట్టి మంచినీళ్ల మీద ఉన్నాడు. ప్రకాశ్ ఫోనును మళ్లీ మైకుకు ఆనించాడు. బర్రె, దండం, చెంపదెబ్బ అన్నీ దాటిపోయినయి. దొర కోపం దిగిపోయి, జీతగాడికి నీళ్లచెంబు ఇచ్చి బతిమిలాడుతున్నాడు. "తాగరా, తాగు." తర్వాత అడుగుల చప్పుడు. జీతగాడు వెళ్లిపోతున్నాడు. ఇక ఏమీ లేదనుకున్న చోట, చాలా చిన్నగా, తాగిన యాస ఏదీ లేకుండా ఒక మాట వినపడింది.

"అవ్వ యాదికొస్తుంది."

అంతే. తర్వాత పాటేదో మొదలైంది.

ప్రకాశ్ ఫోనును చెవి దగ్గర పెట్టుకున్నాడు. వెనక్కి జరిపి మళ్లీ విన్నాడు. చౌరస్తాలో ఒక సైకిలు బెల్లు మోగిస్తూ పోయింది.

"గీ మాట నేనెప్పుడు ఇనలే," అన్నాడు.

"ఎట్ల ఇంటవు బేటా? చెంపదెబ్బ కాడ లేసిన నవ్వు గా మాట దాటేదాక తగ్గకపోయేది. ఏ ఊర్ల గూడ ఎవలు ఇననే లేదేమో. మానుకోటల మాత్రం గా మాట కాడికి రాంగనే నేను సౌండు పెంచేటోన్ని. ఓనరు ఉరికొచ్చేటోడు, మిషిను ఖరాబైందా అని. అవు సాబ్, గక్కడ జర ఖరాబున్నది అనేటోన్ని." బాబామియా పిడిని అరచేత్తో తుడిచాడు. "దినాం మ్యాట్నీకి వీని అమ్మీ వచ్చి ఆడోళ్ల క్లాసుల కూసునేది. ఆమెకు ఇనపడాలె గద."

నవీద్ చాప అంచున కూర్చున్నాడు.

ఆ మాట డైలాగు కాగితంలో లేదు. తెర మీద మొండయ్య వీపు చేసి వెళ్లిపోతుంటాడు, పెదవులు కనపడవు. పెదవులు కనపడని చోట డబ్బింగు చెప్పేవాడికి జర సందు దొరుకుతుంది. ఆ రోజు ఎందుకో తల్లి గుర్తొచ్చి ఆ సందులో ఆ మాట జారింది. అద్దం అవతలి మనిషి ఆవలిస్తున్నాడు, వినలేదు. విన్నవాళ్లు ఎవరూ లేరనే అనుకున్నాడు ఇన్నేండ్లూ.

"అబ్బా, మీకు ఎరుకనా?"

"మొదటాటకే."

"మరి ఎన్నడు అడగకపోతిరి."

"సౌండు పని అంటివి. అబద్ధం గాదు గద." బాబామియా రీలు అంచును వేలితో సవరించాడు. "చెప్పాలనిపిస్తే నువ్వే చెప్తవనుకున్న."

నవీద్ లేచి ప్రకాశ్ ముందుకు వచ్చాడు. మైకు అడగలేదు. మామూలు గొంతుతోనే మొదలుపెట్టాడు.

"పేరు నవీద్. ఊరు మానుకోట. డబ్బింగు చెప్పి బతికిన. తాగుబోతులకు, దొంగలకు, జీతగాళ్లకు. మొండయ్య గొంతు నాదే..."

సగంలో ఉండగానే ప్రకాశ్ చేయి లేచింది. మైకును నవీద్ నోటికి దగ్గరగా పట్టాడు. ఇవ్వలేదు, పట్టుకున్నాడు. మిగిలిన మాట హార్నులోంచి చౌరస్తా అంతా పోయింది.

"...గా గొంతు ఇని ఎక్కడెక్కడ ఎవలెవలు నోరు మూసుకున్నరో నాకు ఎరుకలేదు. ఒక్కడు ఎరుకైండు. తమ్మీ, నీ ముందట ఏం మాట్లాడాల్నో నాకు దొరుకుతలేదు."

ప్రకాశ్ మోచేత్తో కండ్లు తుడుచుకున్నాడు. బొగ్గుబాయి మనిషి, చెమట తుడుచుకున్నట్టే ఉంది.

"రేపు జనగామల గిదే చెప్పాలె," అన్నాడు చివరికి. "గీ గొంతుతోటే చెప్పాలె. నవ్వేటోళ్లు నవ్వనీ. నేను ముందట వరుసల కూసుంట. నవ్వుడు అయిపోయినంక ఏమంటవో ఇంట."

"జనగామ దాక ఎట్ల వోతరు? బస్సుల్లేవు," అన్నాడు లింగ్యా.

"నా బండి మీద తోలుకపోత."

"సూడు మరి. బండి నిన్ను తోలుకపోతదో, నువ్వు బండిని తోలుకపోతవో!"

ఈసారి ప్రకాశ్‌కు నవ్వొచ్చింది. ఆపుకుందామని చూశాడు, కాలేదు.

పొద్దు గుంకే ముందు నిమ్మరసం వచ్చింది. రోజంతా పస్తున్నవాళ్లకు అధ్యక్షుడే తాగించి దీక్ష విరమింపజేయాలి. జగపతి గ్లాసు పట్టుకొని బాబామియా ముందు వంగాడు.

"తాగండి బాబామియా. తాగండి," అన్నాడు బతిమిలాడుతున్నట్టు.

బాబామియా చేయి చాపాడు గానీ గ్లాసు అందుకోలేదు. జగపతి మొహంలోకి చూశాడు. కండ్లు మూసుకున్నాడు. మళ్లీ తెరిచి చూశాడు. జగపతి పట్టుకున్న గ్లాసు ఒరిగి నిమ్మరసం కొంచెం చాప మీద ఒలికింది. ముసలాయన అందుకొని తాగేసి, గ్లాసు తిరిగిచ్చి, "సలామత్ ఉండుండ్రి," అని దీవించాడు.

తండ్రీకొడుకులు ఇంటికి వచ్చేసరికి నవీద్ తల్లి అమీనా గడప దగ్గరే నిలబడి ఉంది. హార్ను చప్పుడు ఆ వాడ దాకా వస్తుంది. ఆమె నవీద్‌ను అడగలేదు, మొగుణ్ని అడిగింది.

"చెప్పిండా?"

"చెప్పిండు."

ఆమె కొడుకు చెంప నిమిరింది. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది ఉర్దూలో. ఆ ఉర్దూలోనే ఆమె కోపం నటించింది. "నాకొకటి చెప్పు. దినాం పనిజేసుకొని ఉరికొస్తి. అమ్మీ యాదికొస్తుందంటే ఏం పోయింది నీకు? అవ్వ అంటివి."

"మొండయ్య అవ్వ అనే అంటడు గద అమ్మీ."

"గట్లయితే నేను మొండయ్య అవ్వనా?"

ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే నవీద్ ఆమె భుజం మీద తల పెట్టాడు. ఆమె అతని వీపు తట్టింది. పొయ్యి మీద చాయ్ పొంగింది.

బాబామియా మంచం మీద కూర్చొని కప్పు అందుకున్నాడు.

"నవీద్, గా సినిమాల దొర గొంతు ఎవలదో ఎరుకనా నీకు?"

"లేదబ్బా. నేను పోయేసరికే దొర మాటలు రికార్డయినయి. చెవులకు పెట్టుకొని ఇన్న, అంతే. ఎవలో సదువుకునే పిలగాడు, ఫీజు కోసం వచ్చి చెప్పిపోయిండన్నరు. మనిషిని సూడలే."

"నేను గూడ ఈ దినం దాక సూడలే." ముసలాయన చాయ్ ఊదాడు. "కోపం జేసినంతసేపు మనిషి గొంతు దాసుకోవచ్చు బేటా. బతిమిలాడినప్పుడు దొరుకుతది. తాగు, తాగు, అన్నప్పుడు."

నవీద్ చేతిలో కప్పు ఆగింది. రెండుసార్లు తుడిచిన కండ్లద్దాలు గుర్తొచ్చినయి. సాయంత్రం చూద్దాం అని చాపతో చెప్పిన మాట. నిమ్మరసం ఒలికిన చేయి. పేరు చెప్పాలి, ఊరు చెప్పాలి, పని చెప్పాలి అని పద్ధతి పెట్టింది ఎవరు? పొద్దున తను ఒక్కడే జనం ముందు నిలబడ్డప్పుడు నోరు మెదపనిది ఎవరు? కప్పు ఠక్కున కింద పెట్టాడు.

తలుపు చప్పుడైంది.

"నవీద్... ఇంట్ల ఉన్నవా?"

జగపతి గొంతే. నవీద్ దిగ్గున లేచాడు. అడగాల్సిన మాట నాలుక మీదికి వచ్చి కూర్చుంది. గొళ్లెం మీద చేయి వేశాడు.

"బేటా," అన్నాడు వెనుక నుంచి బాబామియా. "మధ్యల ఆపకు. సీను పూర్తిగ నడవనియ్యి."

అమీనా ఇంకొక కప్పు కడిగి పొయ్యి పక్కన పెట్టింది.

నవీద్ గొళ్లెం తీశాడు. గుమ్మంలో జగపతి నిలబడి ఉన్నాడు. నల్లకోటు లేదు. కండ్లద్దాలు చేతిలో ఉన్నాయి. లోపలికి రమ్మన్నా రాలేదు. మీటింగులో నిలబడ్డట్టు నిటారుగా నిలబడి, ముగ్గురి వైపూ చూశాడు.

"పేరు జగపతి," అన్నాడు. "ఊరు జనగామ."

ఏ పని చేసి బతికాడో చెప్పాల్సిన చోట ఆగి, కండ్లద్దాలు మళ్లీ తుడవబోయి, జేబులో పెట్టుకున్నాడు.